గోడ మీద పులిహోర గిన్నె

సత్యనారాయణమ్మ అని పేరైతే పెట్టారు గాని, అంత పేరూ పలికే ఓపిక మా వీధిలో ఎవరికీ లేదు. అందరికీ నారాయణమ్మే. జగ్గయ్యపేట మెయిన్ బజార్లో పుల్లయ్యగారి హోల్‌సేల్ కిరాణా కొట్టు లేదూ, ఆ పుల్లయ్యగారి ఇల్లాలు. మెతక మనిషి. మిరపకాయ బస్తాలు దించిన ముఠావాళ్ళకి మజ్జిగ ఇవ్వకుండా పంపదు. పిల్లిని అదిలించినా, పాపం ఆకలితో వచ్చిందేమోనని పూటంతా నొచ్చుకునే రకం. అలాంటి మనిషి అంత పని ఎట్లా చేసిందీ అంటే, మెతకవాళ్ళే చేస్తారు ఇలాంటివి. ఎదుటివాళ్ళని గట్టిగా కాదనలేక చేస్తారు.

ఆమె పెరటి గోడకి అవతల ఇల్లు కనకవల్లిది. హైస్కూల్లో సైన్సు చెప్పే కామేశం మాస్టారి భార్య. వీళ్ళు కోమట్లు, వాళ్ళు బ్రాహ్మలు. ఇద్దరూ ఒకే ఏడు కాపరానికొచ్చారు. ఆ గోడ మీద తిరిగినన్ని గిన్నెలు మా ఊరి హోటళ్ళలో కూడా తిరిగుండవు. ఇటునించి బెల్లం గవ్వలు పోతే అటునించి పులిహోర వచ్చేది. ఎప్పుడో పెద్దవానకి గోడ మీద రెండిటుకలు ఊడిపోయాయి. గిన్నె పెట్టుకోను పీటలాగా బాగుందని మాస్టారు వాటిని మళ్ళీ కట్టించనివ్వలేదు. ఒకళ్ళ గిన్నె ఖాళీగా తిప్పి ఇవ్వకూడదు కదా, ఏమీ లేనిరోజు చిటికెడు పంచదారన్నా వేసి ఆ సందులో పెట్టేవాళ్ళు.

కనకవల్లికి మొక్కల పిచ్చి. డాబా మీద డాల్డా డబ్బాలు, పగిలిన బకెట్లు, పెయింటు డ్రమ్ములు, ఏది దొరికితే దాంట్లో మట్టి. మాస్టారు ఒకసారి పేపర్లో చదివి చెప్పారట. హైదరాబాదు దగ్గర బొటానికల్ గార్డెన్ అని పెద్ద తోట ఉంది, రోజంతా నడిచినా తరగదు, అందులో ఒక కొలనులో తామరాకుంది, దాని మీద పసిపిల్లని కూర్చోబెట్టినా మునగదు అని. రిటైరవగానే తీసుకెళ్తానని మాటిచ్చారు. ఈ సంగతి కనకవల్లి మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. మేమూ ఏడిపించేవాళ్ళం.

"పసిపిల్ల సరేనే, నువ్వు కూర్చుంటేనో?" అనేదాన్ని నేను.

"ఆయన పక్కనే ఉంటారుగా, పట్టుకోరూ?" అనేది.

మాస్టారు రిటైరయ్యారు. ఆ ఆషాఢంలోనే ఒక మధ్యాహ్నం పడక్కుర్చీలో పేపరు చదువుతూ చదువుతూ పోయారు. పేపరు గుండెల మీదే ఉంది. నిద్రపోతున్నారనుకుని కనకవల్లి చాలాసేపు ఫ్యాను తగ్గించనా వద్దా అని ఆలోచించిందట.

ఆ తర్వాత వచ్చిన కార్తీకం ఇది. రెండువేల నాలుగో ఏమో.

మా భజన జట్టు ఏటా కార్తీక వనభోజనాలకి ముక్త్యాల దగ్గర ఏటి ఒడ్డుకి పోయేది. ఆ ఏడు నందిగామ నించి నారాయణమ్మ పెద్దాడపడుచు సుబ్బరావమ్మ వచ్చి కూర్చుంది. పట్టింపుల మనిషి. ఆమె మాటంటే పుల్లయ్యగారే లేచి నిలబడేవారు, ఇంక నారాయణమ్మ సంగతి చెప్పేదేముంది.

"ఎప్పుడూ ఆ ఇసకలోనేనా? నువ్వు చెప్పావు చూడు నారాయణమ్మా, పసిపిల్ల కూర్చునే ఆకు. ఆ తోటకి పోదాం. బసవయ్య సుమో ఉందిగా, పొద్దున బయల్దేరి రాత్రికి వచ్చేయొచ్చు" అంది.

నారాయణమ్మ చేతిలో పత్తి ఉంది, ఒత్తులు చేస్తోంది. చెయ్యి ఆగింది.

"కనకవల్లినో?" అన్నా నేను.

"ఏటిసూతకంలో ఉన్న మనిషి వనభోజనానికెట్లా వస్తదమ్మా రత్నమ్మా? ఉసిరిచెట్టు కింద పూజుందా లేదా? మొగుడు పోయి ఏడాది తిరగందే గుడి మెట్టెక్కకూడదు, పూజలో కూర్చోకూడదు. మనం పిలిస్తే ఆమెకే ఇబ్బంది. పైగా బండెక్కేటప్పుడు ఎదురొచ్చిందనుకో, అంత దూరం ప్రయాణం" అంది సుబ్బరావమ్మ.

భర్తపోయినామె ప్రయాణానికి ఎదురుపడితే కీడని అప్పట్లో మావైపు గట్టి పట్టింపు. ఇప్పుడూ ఉందనుకోండి, పైకి అనరు.

నారాయణమ్మ ఒత్తిని చాలాసేపు నలిపింది. "వల్లికి చెబితే బాధపడుద్ది. చెప్పకుండా పోయొద్దాం. మనసు కష్టపెట్టడం దేనికి" అంది. అలా అని నా వంక చూసింది, ఏమన్నా అంటానేమోనని. నేనేమంటాను. వాళ్ళ ఆడపడుచు, వాళ్ళు మాట్లాడే బండి.

అట్లా దయతలచి మొదలుపెట్టారు.

బయల్దేరే పొద్దున, ఇంకా చీకటి. బండి తిరగాలంటే కనకవల్లి వాళ్ళ వీధిలోంచే తిరగాలి. అందుకని బసవయ్యని బస్టాండు మలుపులో ఆపమన్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం, దొంగల్లాగా. బయటికొచ్చేముందు నారాయణమ్మ పెరట్లోకి పోయి గోడవతలకి తొంగిచూసింది. కార్తీకమంటే ఆ వేళకి కనకవల్లి నూతిదగ్గర చేద చప్పుడు వినబడాలి. ఆరోజు చప్పుడు లేదు, ఇంట్లో లైటు కూడా లేదు.

"నిద్రపోతున్నట్టుంది. మంచిదైంది" అంది నాతో, గుండెల మీద చెయ్యేసుకుని.

గరికపాడు చెక్‌పోస్టు దాటి కోదాడ వచ్చేసరికి తెల్లారింది. బండిలో పాటలూ నవ్వులూ. నారాయణమ్మ కోడలు మనోజ్ఞ వెనక సీట్లో పెద్ద గిన్నె ఒకటి బట్టకట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొత్త కోడలు, హైదరాబాదులో చదువుకుంది. పులిహోర వంతు ఆమెకిచ్చారు. సుబ్బరావమ్మ సూర్యాపేటదాకా ఆ పిల్లని వదల్లేదు.

"చింతపండు ఎంత నానేసావు?"

"చాలా నానేసానండి."

"పోపులో ఏం వేసావు?"

"అన్నీ వేసానండి."

"అన్నీ అంటే, కొట్టంతా తెచ్చిపోసావా? మీ మావయ్య కొట్టులో సబ్బులు కూడా ఉన్నయ్యి."

అందరం నవ్వాం. మనోజ్ఞ గిన్నెని ఇంకా గట్టిగా పట్టుకుంది. నవ్వలేదు.

తోట సంగతి చెప్పాలి. నేను చదువుకోనిదాన్ని, పేర్లు నాకు రావు. గేటు లోపల అడుగుపెట్టగానే ఎండ ఆగిపోయింది. వెదుళ్ళు ఒక్కొక్కటి మా డాబా స్తంభమంత లావున్నాయి, గాలికి ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటుంటే పాత తలుపు తీసినట్టుంది. ముళ్ళచెట్లకి వేరే గాజు ఇల్లు. తాటిచెట్లలోనే ఎన్ని రకాలో, ఒకటి విసనకర్రలు పరిచినట్టుంది, ఒకటి నెమలి తోకలాగుంది. చివర ఎక్కడుందో కనపడదు.

ఒకచోట నక్షత్రానికొక చెట్టు చొప్పున గుండ్రంగా నాటారు. ఎవరి నక్షత్రం చెట్టు దగ్గర వాళ్ళు నిలబడాలని మొదలుపెట్టాం. సుబ్బరావమ్మది అశ్వని. వెతికి వెతికి పోతే ముష్టిచెట్టు.

"నాకు ముష్టేంటే" అంది.

"విషమని రాసుందండి" అంది మనోజ్ఞ, బోర్డు చదివి. పొద్దుటి సబ్బుల బాకీ అట్లా తీర్చుకుంది.

నారాయణమ్మ కూడా నవ్వింది గాని, నవ్వు మధ్యలో వెనక్కి తిరిగింది. "వల్లీ, చూ..." అనబోయి ఆగింది. ముప్పయ్యేళ్ళ అలవాటు. కొత్త మొక్క కనపడితే నోటికి ఆ పేరే వస్తుంది. నేను విన్నా, విననట్టు ముందుకి నడిచా. మళ్ళీ మందారాల దగ్గర అట్లాగే జరిగింది. ఈసారి పేరు సగందాకా కూడా రానివ్వలేదు, పెదవి కరుచుకుంది.

మధ్యాహ్నం ఉసిరిచెట్టు వెతుక్కున్నాం. కాయలు బాగానే ఉన్నాయి. దీపం వెలిగించబోతే గార్డు ఈల వేసుకుంటూ వచ్చాడు, తోటలో నిప్పు వద్దన్నాడు. సుబ్బరావమ్మ వాడితో కార్తీక పురాణమంతా చెప్పింది. వాడు వినలేదు. చివరికి ఒత్తి వెలిగించకుండానే పసుపుకుంకుమలు పెట్టి, మనోజ్ఞ గిన్నె మూత తీసి, అరిటాకులో పులిహోర పెట్టి నైవేద్యం చూపించి, అందరం గుండ్రంగా కూర్చున్నాం.

నారాయణమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆవ ముక్కుకెక్కి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. కనకవల్లి పులిహోరలో ఆవ పచ్చిగా నూరి చివర్లో కలుపుతుంది. పొయ్యి మీద కలిపితే ఘాటు చస్తుందంటుంది. ఆ ఘాటు వెనకాలే బెల్లం తీపి, ఆ తర్వాత అల్లం. అంత పద్ధతిగా ఒకదాని వెనక ఒకటి మా ఊళ్ళో ఇంకెవరి పులిహోరలోనూ రావు. నాకూ తెలిసింది. నేను విస్తరి వంకే చూస్తూ కూర్చున్నా.

"మనోజ్ఞా, ఇదెవరు చేసారు?" అంది నారాయణమ్మ.

"నేనే అత్తయ్యా."

"ఆవ ఎప్పుడు కలిపావు?"

మనోజ్ఞ గిన్నె వంక చూసింది. అప్పుడు చూసాం అందరం. గిన్నె నారాయణమ్మ వాళ్ళది కాదు. మాస్టారి పెళ్ళినాటి పెద్ద ఇత్తడి గిన్నె, అంచు మీద సొట్టతో సహా.

"పిన్నిగారు చెప్పొద్దన్నారు అత్తయ్యా."

"ఆమెకెట్లా తెలుసు? ఎవరు చెప్పారు?"

"బసవయ్య. మొన్న బజార్లో కనపడి, హైదరాబాదు తోటకి మీరూ వస్తున్నారుగా అమ్మగారూ, పొద్దున్నే రెడీగా ఉండండి అన్నాట్ట. పిన్నిగారు, నాకు వీలవలేదయ్యా అన్నార్ట. నిన్న సాయంత్రం నేను పెరట్లో ఏడుస్తున్నా, అన్నం ముద్దయిపోయిందని. గోడ దగ్గరికొచ్చారు. ఎన్ని గంటలకి ప్రయాణమో అడిగి, నేను చేసి గోడ మీద పెడతా, తీసుకెళ్ళమ్మా అన్నారు. పొద్దున నేను పోయేసరికి గిన్నె ఆ ఇటుకల సందులో ఉంది. వెచ్చగా ఉంది."

"ఇంట్లో లైటు లేదుగా. నిద్రపోతోందనుకున్నా."

మనోజ్ఞ గొంతు తగ్గించింది. "మీరు బయల్దేరిందాకా లైటు వెయ్యనన్నారు. చేద కూడా ముట్టుకోనన్నారు. అలికిడికి మీరెవరైనా తలెత్తి చూస్తే, ఎదురొచ్చినట్టవుతుందని. చీకట్లో కూర్చుంటాలే, వాళ్ళు క్షేమంగా వెళ్ళిరావాలి కదా అన్నారు."

పైన ఉసిరికొమ్మలో ఏదో పిట్ట. సుబ్బరావమ్మ విస్తరి కొంచెం అవతలికి జరిపింది.

"ఏటిసూతకం ఇంట్లో వండింది నైవేద్యం పెట్టాం గదే" అంది.

నారాయణమ్మ తలెత్తింది. ఆడపడుచుకి ఆమె ఎదురు చెప్పడం నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. పెద్దగా కూడా అనలేదు.

"దేవుడు తిన్నాడు వదినగారూ. మీకు వద్దంటే మానెయ్యండి" అంది.

అని తను తినడం మొదలుపెట్టింది. ఒక్క మెతుకు వదలకుండా తింది. తింటుంటే కళ్ళు కారుతూనే ఉన్నాయి, ఆవ ఘాటుకే అనుకోండి. ఆకలేసి తిన్నట్టు లేదు. మందు మింగినట్టు తింది. సుబ్బరావమ్మ కాసేపు చూసి, విస్తరి మళ్ళీ ముందుకి లాక్కుంది.

భోజనాలయ్యాక మిగతావాళ్ళు నడుంవాల్చారు. నారాయణమ్మ ఆ గిన్నె కడిగి చంకలో పెట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ఒక్కదాన్నే పంపడమెందుకని నేనూ వెనకే పోయా.

కొలను కనపడింది. ఆకులు. మాస్టారు చెప్పినవే. అంచులు పళ్ళెంలాగా పైకి లేచి, ఒక్కొక్కటి మేము బియ్యం చెరిగే చాటలు నాలుగైదు కలిపినంత ఉంది. నీళ్ళ మీద కదలకుండా పరుచుకుని ఉన్నాయి. నారాయణమ్మ గట్టు మీద నిలబడింది.

"ఇది వల్లిది రత్నమ్మా" అంది.

"ఏంటి?"

"ఈ తోట. ఆకు. దీన్ని గురించి చెప్పింది వల్లి. దాని నోట్లోంచి విని మా వదినకి నేను చెప్పా. అదడిగిన తోటకి దాన్ని వదిలి వచ్చాం. పైగా చీకట్లో కూర్చోబెట్టి వచ్చాం."

"పూజ ఉందని కదా..."

"గుడికి రాకూడదన్నారు. చెట్టు దగ్గరికి రాకూడదని ఎవరన్నారు? వనభోజనమని పేరు పెట్టకపోతే వచ్చేదిగా. ఊరికే తోట చూద్దాం రావే అనుంటే వచ్చేదిగా. పేరు పెట్టింది మనమే."

నిజమేగా.

వెనక్కొస్తుంటే దారి పక్కన పందిరికి అల్లుకున్న తీగ ఉంది. ఆకుల మధ్య ఆకుపచ్చగానే కొంకితిరిగిన పువ్వు, కాస్త పసుపు తిరిగింది. వాసన ముందే తగిలింది. మనోరంజితం. ఏ వాసన తలుచుకుని పీలిస్తే ఆ వాసన వస్తుందంటారు దానికి. ఈ మొక్క కోసం కనకవల్లి మైలవరం నర్సరీదాకా పోయి అడిగొచ్చింది, దొరకలేదు.

నారాయణమ్మ అటూ ఇటూ చూసింది. చటుక్కున ఒక కొమ్మ తుంచింది. తుంచి గిన్నెలో పెట్టి మూతేసింది. ఇంత అబద్ధం ఆడి ఎరగని మనిషి, మూత మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఇదేంటే?" అన్నా.

"గిన్నె ఖాళీగా ఎట్లా ఇవ్వను. పసుపుకుంకుమ పెట్టి ఇవ్వకూడదు, పంచదార పెట్టి ఇచ్చే మొహం లేదు. దొంగిలించిన మొక్కే బతుకుద్దిగా."

అవును, మా ఆడవాళ్ళకి ఆ నమ్మకం ఉంది. అడిగి తెచ్చుకున్న కొమ్మ బతకదు, చెప్పకుండా తెంపుకొచ్చిన కొమ్మే వేళ్ళేస్తుంది. మా ఊళ్ళో సగం కరివేపాకు చెట్లు అట్లా వచ్చినవే.

గేటు దగ్గర మళ్ళీ ఆ గార్డే. సంచులు చూస్తున్నాడు. మా వంతు వచ్చింది. వాడు గిన్నె వంక సరిగా చూడను కూడా లేదు, పొమ్మని చెయ్యి ఊపాడు. నారాయణమ్మ కదల్లేదు.

"కొమ్మ తుంచా బాబూ. మనోరంజితం కొమ్మ. ఇందులో ఉంది" అంది.

నేను కళ్ళు మూసుకున్నా. వాడు మూత తీసి చూసాడు. ఈమె మొహం చూసాడు.

"పోనీలేమ్మా, తీసుకెళ్ళు. మళ్ళీ తుంచొద్దు" అన్నాడు.

బండెక్కాక సుబ్బరావమ్మ అంది, "చెప్పేసావుగా. ఇంకది బతకదు."

"ఒక్కరోజులో రెండు దొంగతనాలు నా వల్లకాలేదు వదినగారూ" అంది నారాయణమ్మ.

పాటలు పాడదామని ఎవరో మొదలుపెట్టి, చిట్యాల దాటకముందే ఆపేసారు.

మర్నాడు పొద్దెక్కాక నారాయణమ్మ గిన్నె తీసుకుని వెళ్ళింది. గోడ మీద పెట్టలేదు. వీధిలోంచి చుట్టూ తిరిగి ముందు గుమ్మంలోంచి పోయింది. తోడుగా నన్ను లాక్కుపోయింది. కనకవల్లి డాబా మీద మొక్కలకి నీళ్ళు పోస్తోంది. బొట్టు లేని ఆ మొహం నాకు ఇంకా అలవాటు కాలేదు.

"వచ్చారా. ప్రయాణం బాగా జరిగిందా?" అంది.

నారాయణమ్మ గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. దారంతా అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. చివరికి "పులిహోర బాగుంది వల్లీ" అంది.

"ఆవ ఎక్కువైందేమో. చీకట్లో నూరా."

ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అంది. అందుకే అది నారాయణమ్మకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. డాబా పిట్టగోడ మీద కూలబడింది.

"తిట్టవే" అంది.

"ఎందుకు తిట్టడం."

"నిన్ను వదిలేసి పోయా. చెప్పకుండా పోయా. చెప్పులు చేత్తో పట్టుకుని పోయా."

కనకవల్లి చెంబు కింద పెట్టింది.

"నువ్వు రావద్దంటే నేను బాధపడేదాన్ని కాదు నారాయణమ్మా. పద్ధతులు నాకు తెలియవా. నాకు చెప్పాల్సింది బసవయ్య కాదు. అది ఒక్కటే" అంది.

అని, కొంచెం సేపయ్యాక అడిగింది. "ఆకు ఎంతుంది?"

నారాయణమ్మ రెండు చేతులూ చాపింది. ఇంకా చాపింది. చాలక, నా చెయ్యి కూడా పట్టుకుని పక్కకి లాగి చూపించింది.

"అయితే ఆయన చెప్పినంతే ఉందన్నమాట" అంది కనకవల్లి. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మేము మెట్ల వైపు చూస్తూ కూర్చున్నాం.

తర్వాత గిన్నె మూత తీసింది. కొమ్మ అప్పటికే కొంచెం వాడింది. "మనోరంజితం" అంది, ఆకు నలిపి. "అడిగి తెచ్చావా, తెంపుకొచ్చావా?"

"తెంపా. తర్వాత చెప్పేసా."

"నీ మొహం. అయితే బతకదు."

అయినా నాటింది. పెయింటు డ్రమ్ములో పెట్టి కొబ్బరిపీచు కప్పింది. రోజూ పొద్దున నారాయణమ్మ గోడ దగ్గర మునివేళ్ళ మీద నిలబడి పైకి చూసేది. ఆకులు ఒక్కొక్కటీ ముడుచుకున్నాయి. పుష్యమాసం వచ్చేసరికి కొమ్మ పుల్లయింది. నారాయణమ్మకి అన్నం సయించేది కాదు. మొక్క ఎండితే ఎండింది, పోనీ అంటే వినేది కాదు. గోడ మీద గిన్నెలు మళ్ళీ తిరుగుతున్నాయి గాని, ఎక్కువగా ఇటునించి అటే పోయేవి. అరిసెలు, సున్నుండలు, రోజుకొకటి. కనకవల్లి ఒకరోజు గోడవతలనించి, "నన్ను చంపుతావా ఏంటే, షుగరొస్తుంది" అంది కూడా.

ఫాల్గుణంలో, మాస్టారు పోయి ఇంకా ఏడాది తిరగనేలేదు, నారాయణమ్మ బసవయ్యని పిలిపించింది. ఈసారి బండిని బస్టాండు మలుపులో ఆపనివ్వలేదు, తన గుమ్మం ముందే ఆపించింది, పట్టపగలు. సుబ్బరావమ్మకి ఎవరు చేరేసారో, నందిగామనించి ఫోను.

"వనభోజనం కాదు వదినగారూ. ఊరికే తోట చూసొస్తాం" అంది నారాయణమ్మ, అని పెట్టేసింది.

కనకవల్లి రానంది. "నలుగురూ నిన్నంటారు, నన్ను కాదు" అంది. నారాయణమ్మ వింటే గదా. సంచీ పట్టుకుని తన గుమ్మంలో నిలబడింది. "అది నడిచొచ్చి నాకు ఎదురొస్తేగాని నేను బండెక్కను. పోయి చెప్పు రత్నమ్మా" అంది. నేను పోయి చెప్పా. కనకవల్లి చాలాసేపు గడపలోనే ఉంది. ఒకసారి బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయింది. చివరికి తెల్లచీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని మలుపు తిరిగి వచ్చింది. వీధిలో ఎదురింటివాళ్ళు, పాలవాడు, అందరూ చూస్తున్నారు. ఆమె తల వంచుకునే నడిచింది. నారాయణమ్మ గుమ్మం దిగి ఆమెకి ఎదురు నడిచింది. ఇద్దరూ వీధి మధ్యలో కలిసారు.

"ఎక్కు ముందు, కిటికీ పక్క సీటు నీది" అంది నారాయణమ్మ.

కథైతే ఇక్కడ ఆకు చూసారని చెప్పాలి. చూడలేదు. కొలను ఎండగట్టారు, బురద తీస్తున్నారట. అడుగున నల్లటి మట్టి, పగుళ్ళు, రెండు కొంగలు. నారాయణమ్మ గార్డుని పట్టుకుని, ఆకులెక్కడ, మళ్ళీ ఎప్పుడొస్తాయి, ఒక్కటన్నా ఎక్కడైనా ఉంచారా అని అడుగుతూనే ఉంది. వానలొచ్చాక అన్నాడు వాడు. మనోరంజితానికి పూలు కూడా లేవు.

కనకవల్లి గట్టు మీద చాలాసేపు కూర్చుంది. "ఇక్కడే అన్నమాట" అంది.

"నేను చూసా, నువ్వు చూడలేదు" అంది నారాయణమ్మ.

"చూపించావుగా. రత్నమ్మక్క చెయ్యి కూడా లాగి చూపించావుగా" అంది కనకవల్లి. అని లేచి, పందిరి దగ్గరికి పోయి, గార్డు చూస్తుండగానే ఏదో రాలిన ఆకు ఏరుకున్నట్టు వంగి, రెండు కొమ్మలు విరిచి కొంగులో చుట్టేసింది. గేటు దాటేదాకా మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"ఎప్పుడు నేర్చావే?" అన్నా బండిలో.

"మాస్టారి భార్యని, నన్నెవరు అనుమానిస్తారు. మొక్కలు మరెక్కడనించి వచ్చాయనుకున్నావు?" అంది.

ఆ రెండిట్లో ఒక కొమ్మ బతికింది. మూడేళ్ళకి డాబా పిట్టగోడంతా పాకి, ఒక వానాకాలం సాయంత్రం మొదటి పువ్వు పండింది. కనకవల్లి మమ్మల్ని గోడ దగ్గరికి కేకేసింది. ఇటు నేను, నారాయణమ్మ, చంకలో పిల్లాడితో మనోజ్ఞ. గోడ మీదుగా పువ్వు చేతులు మారింది. నాకు మామిడిపండు వాసనొచ్చింది. మనోజ్ఞకి సెంటు వాసనొచ్చిందట.

నారాయణమ్మ పువ్వు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అట్లాగే ఉండిపోయింది.

"నీకేం వాసనొస్తోందే?" అంది కనకవల్లి.

"ఆవ."

"ఇంకా అదేనా?"

"అదే వస్తోంది. నేనేం చెయ్యను."

కనకవల్లి లోపలికి పోయి చిన్న గిన్నెతో వచ్చింది. పువ్వు తీసుకుని దాంట్లో వేసి, ఆ రెండిటుకల సందులో నారాయణమ్మ వైపుకి జరిపి పెట్టింది.